ఆటబొమ్మల శిల్పి గుంపెయ్ యొకోయి

మహనీయుల జీవితాలు అనగానే మన మనస్సులో రాజులు, కవులు, సంఘ సంస్కర్తలు, శాస్త్రవేత్తలు మెదలుతారు. ఆటవస్తువులు తయారుచేసిన వ్యక్తిని ఆ వరుసలో నిలపడానికి సంకోచం కలుగుతుంది. కాని ఇరవయ్యవ శతాబ్దపు చివరి దశకాలలో దేశదేశాల బాలబాలికల చేతులలో నిలిచిన ఒక చిన్న పరికరం వెనుక ఉన్న మేధస్సు సామాన్యమైనది కాదు. ఆ మేధావి జపాన్ దేశస్థుడు గుంపెయ్ యొకోయి. వీడియో గేము యంత్రాల పోటీలో ఆయన పొందిన గెలుపు, చవిచూచిన ఓటమి రెండూ విద్యార్థి లోకం తెలుసుకోదగినవి.

యొకోయి 1941 సెప్టెంబరు 10వ తేదీన క్యోటో నగరంలో జన్మించాడు. డోషిషా విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్స్ చదివి, 1965లో క్యోటోలోని నింటెండో కంపెనీలో చేరాడు. 1889లో స్థాపితమైన ఆ సంస్థకు అప్పట్లో పేకముక్కల తయారీయే ప్రధాన వ్యాపారం. ఆ ముక్కలు తయారుచేసే యంత్రాలు చెడిపోకుండా చూడడం యొకోయి పని. పట్టభద్రునికి అది చెప్పుకోదగిన ఉద్యోగమేమీ కాదు. తీరిక వేళలలో ఆయన తన వినోదం కోసం ఒక వింత వస్తువును తయారుచేసుకున్నాడు. అది కత్తెర వలె ముడుచుకుంటూ, సాగుతూ దూరాన ఉన్న వస్తువును అందుకొనే చేయి. ఒకనాడు అది కంపెనీ అధ్యక్షుడు హిరోషి యమౌచి కంటబడింది. ఆయన మందలించడానికి బదులు దానిని అమ్మకానికి తగినట్లు తీర్చిదిద్దమని ఆదేశించాడు. 1966లో అల్ట్రా హ్యాండ్ అనే పేరుతో విడుదలైన ఆ బొమ్మ పది లక్షలకు పైగా అమ్ముడైంది. యంత్రాల మరమ్మతు చూచే ఉద్యోగి ఆటవస్తువుల రూపకర్త అయ్యాడు.

అప్పటి నుండి యొకోయి ఒక సూత్రాన్ని పట్టుకొని నడిచాడు. కొత్తగా పుట్టిన ఖరీదైన పరిజ్ఞానం వెంట పరుగెత్తడం కన్న, బాగా అలవాటైపోయి చౌకబడిన పరిజ్ఞానాన్ని ఎవరూ ఊహించని పనికి ఉపయోగించడం మేలని ఆయన నమ్మకం. 1970లలో షార్ప్, కాసియో కంపెనీల పోటీ వలన కాలిక్యులేటర్ల తెరలు మిక్కిలి చౌక అయినాయి. ఒకసారి రైలు ప్రయాణంలో ఒక ఉద్యోగి ప్రొద్దుపోక కాలిక్యులేటరు మీటలు నొక్కుతూ కూర్చోవడం యొకోయి గమనించాడు. ఆ దృశ్యం నుండి పుట్టినదే 1980లో వెలువడిన గేమ్ అండ్ వాచ్ అనే జేబు ఆట. 1982లో దాని కొరకే ఆయన నాలుగు దిక్కులకూ పనిచేసే కూడిక గుర్తు ఆకారపు మీటను రూపొందించాడు. 1990లలో మన తెలుగు పట్టణాలలో టీవీకి తగిలించి, క్యాసెట్లు మార్చి ఆడుకున్న ఆటపెట్టెలలో పెక్కు నింటెండో వారి ఫామికామ్‌కు అనుకరణలే. వాటిపై ఎడమ బొటనవ్రేలి క్రింద ఉండిన మీట యొకోయి ఆలోచనయే. ఆయన పేరు వినని వారు కూడా ఆయన సృష్టిని తాకియున్నారు.

సంక్రాంతికి రెండు పెద్ద చిత్రాలు ఒకేసారి విడుదలైతే మన పట్టణాలలో ఎంత సందడి ఉంటుందో మనకు తెలుసు. ఆటయంత్రాల లోకంలోనూ అటువంటి పోటీయే ఉన్నది. 1983 జూలై 15న జపాన్‌లో నింటెండో వారి ఫామికామ్, సెగా కంపెనీ యంత్రం ఒకే రోజున అంగళ్లకు వచ్చాయి. కాలక్రమంలో నింటెండోదే పైచేయి అయింది. ఆ తరువాత చేతిలో ఇమిడే యంత్రాల పోటీ మొదలైంది. యొకోయి తన బృందంతో కలిసి రూపొందించిన గేమ్ బాయ్ 1989 ఏప్రిల్ 21న జపాన్‌లో 12,500 యెన్‌లకు విడుదలైంది. మొదటి విడతగా వచ్చిన మూడు లక్షల యంత్రాలు రెండు వారాలలో చెల్లిపోయాయి.

అదే సంవత్సరం అమెరికాలో అటారి వారి లింక్స్, 1990లో సెగా వారి గేమ్ గేర్ రంగప్రవేశం చేశాయి. రెండింటికీ రంగుల తెరలు. వెనుక నుండి వెలుగు. వాటి ప్రక్కన గేమ్ బాయ్ వెలవెలబోయింది. రంగులు లేవు, తెరకు సొంత వెలుగు లేదు. కాని ఆ రంగుల తెర వెనుక వెలిగే దీపం విద్యుత్తును త్రాగివేసేది. ఆరు బ్యాటరీలు వేసినా గేమ్ గేర్ అయిదు గంటలు మించి నడవడం కష్టం. నాలుగు బ్యాటరీలతో గేమ్ బాయ్ పది గంటలకు పైగా నడిచేది. వెల తక్కువ, చేతి నుండి జారిపడినా తట్టుకొనే గట్టిదనం ఎక్కువ. అమెరికాలో దానితో జతచేసి ఇచ్చిన టెట్రిస్ ఆట పెద్దలను సైతం ఆకట్టుకున్నది. చివరకు గేమ్ గేర్ సుమారు ఒక కోటి వద్ద ఆగిపోగా, గేమ్ బాయ్, దాని రంగుల రూపం కలిసి 11 కోట్ల 80 లక్షలు దాటాయి. చూపులకు మిన్నగా తోచినది ఒకటి, ఏండ్ల తరబడి చేతిలో నిలిచినది మరొకటి.

అయితే ఆయనకు అపజయం తెలియకపోలేదు. 1995 జూలై 21న ఆయన రూపొందించిన వర్చువల్ బాయ్ విడుదలైంది. ముఖాన్ని ఆనించి చూస్తే ఎర్రని గీతలతో లోతు కనిపించే యంత్రమది. తరువాతి పెద్ద యంత్రంపై దృష్టి నిలపవలసి ఉన్నందున, పూర్తిగా పక్వం కాకముందే కంపెనీ దీనిని అంగడికి పంపిందని పరిశీలకులు భావిస్తారు. ఆడేవారికి మెడనొప్పి, తలనొప్పి కలిగాయి. ఎనిమిది లక్షలైనా అమ్ముడు కాకుండానే ఏడాది తిరగకముందే దాని కథ ముగిసింది. ముప్పది ఏండ్ల కీర్తిపై అది మచ్చగా నిలిచింది.

1996 ఆగస్టులో యొకోయి నింటెండోను విడిచిపెట్టాడు. ఆ అపజయమే కారణమని లోకం అనుకున్నా, స్వతంత్రంగా పనిచేయాలనే కోరిక ఆయనకు అంతకు ముందు నుండే ఉన్నది. క్యోటోలోనే కోటో అనే చిన్న సంస్థను స్థాపించి, బందాయ్ కంపెనీ కొరకు వండర్‌స్వాన్ అనే కొత్త యంత్రానికి పూనుకున్నాడు. దానిని అంగడిలో చూచే భాగ్యం ఆయనకు లేకపోయింది. 1997 అక్టోబరు 4న ఇషికావా ప్రాంతపు రహదారిపై ఆయన ప్రయాణిస్తున్న కారు ముందున్న వాహనాన్ని తాకింది. జరిగిన నష్టం చూడడానికి క్రిందికి దిగిన ఆయనను వెనుక నుండి వచ్చిన మరొక కారు ఢీకొన్నది. అప్పటికి ఆయన వయస్సు 56 సంవత్సరాలు. కట్టంగూర్ గుండా సాగే జాతీయ రహదారిని నిత్యం చూచే మనకు ఆ క్షణం ఎటువంటిదో వివరించనక్కరలేదు.

1999 మార్చిలో వండర్‌స్వాన్ విడుదలైంది. వెల 4,800 యెన్లు. నడవడానికి ఒకే ఒక్క బ్యాటరీ చాలు. దానితో వెలువడిన ఒక ఆటకు ఆయన స్మృత్యర్థం గుంపెయ్ అని పేరు పెట్టారు. తన సూత్రాన్ని ఆయన కడవరకు వీడలేదు.

మెట్ట ప్రాంతాల నుండి వచ్చే మన విద్యార్థులు, పట్టణాల వారికున్న సాధనాలు తమకు లేవని కుంగిపోవడం కద్దు. పేకముక్కల యంత్రాల ప్రక్కన, చౌకబడిన కాలిక్యులేటరు తెరలతో యొకోయి సాధించినది వారు గుర్తుంచుకోవాలి. అందుబాటులో ఉన్నదానిని శ్రద్ధగా పరిశీలించి, దానికి కొత్త ప్రయోజనం కనుగొనడమే ఆయన విద్య. గడువుకు తొందరపడి అపరిపక్వమైన పనిని లోకం ముందు పెట్టరాదన్నది ఆయన ఓటమి నేర్పే పాఠం. పరీక్షలకు సిద్ధమయ్యేవారికి, రేపు వృత్తులలో ప్రవేశించేవారికి ఈ రెండూ అవసరమే.