చింతామణి ద్వారకానాథ్ దేశ్‌ముఖ్

చింతామణి ద్వారకానాథ్ దేశ్‌ముఖ్ (జనవరి 14, 1896 - అక్టోబరు 2, 1982) రిజర్వు బ్యాంకు గవర్నరైన మొట్టమొదటి భారతీయుడు. ఐ.సి.ఎస్. అధికారియైన ఇతడు 1943లో ఆ పదవి చేపట్టాడు. దేశవిభజన తరువాత 1948 జూన్ వరకు పాకిస్తాన్‌కు సైతం రిజర్వు బ్యాంకే కేంద్రబ్యాంకుగా వ్యవహరించింది. అప్పుడు ఇరుదేశాల రూపాయల విలువ సమానం.

1949 సెప్టెంబరులో, ఇతడు గవర్నరు పదవి విడిచిన కొద్దికాలానికే, భారత్ తన రూపాయి విలువను తగ్గించగా పాకిస్తాన్ తగ్గించలేదు. దానితో 100 పాకిస్తానీ రూపాయలు 144 భారతీయ రూపాయలకు సమానమయ్యాయి. భారత్ ఆ రేటును అంగీకరించకపోవడంతో వ్యాపారం స్తంభించి, కలకత్తా మిల్లులకు తూర్పు బెంగాలు జనపనార కరవైంది. చివరకు 1951 ఫిబ్రవరిలో, దేశ్‌ముఖ్ ఆర్థికమంత్రిగా ఉండగా, భారత్ ఆ రేటును ఒప్పుకొన్నది. మిల్లుల దుస్థితిని బట్టి అది వివేకమే అనాలి. 1955లో పాకిస్తాన్ కూడా విలువ తగ్గించడంతో రెండు రూపాయలూ మళ్ళీ సమానమయ్యాయి.

బొంబాయి నగర విషయమై విభేదించి 1956లో మంత్రిపదవికి రాజీనామా చేశాడు. ఇతని భార్య ఆంధ్రమహిళాసభ స్థాపకురాలు దుర్గాబాయి. హైదరాబాదులో మరణించాడు.