కొండవీటి కుమారగిరి

గుంటూరు నుంచి చిలకలూరిపేటకు పోయే మార్గానికి పడమటి దిక్కున ఒక కొండల వరుస కనిపిస్తుంది. అదే కొండవీడు. 2022లో పల్నాడు జిల్లా ఏర్పడినప్పటి నుంచి ఈ దుర్గం ఆ జిల్లాలోని యడ్లపాడు మండలంలో ఉన్నది. ఆరు శతాబ్దాలకు పూర్వం ఇది తీరాంధ్రానికి రాజధాని. ఈ దుర్గం నుంచి పాలించిన రెడ్డి రాజులలో యుద్ధవిజయాల వల్ల గాక ఒక వేడుక వల్ల పేరు నిలుపుకొన్నవాడు కుమారగిరి రెడ్డి. ఏటేటా వసంతోత్సవాలు జరిపించి, వాటిలో కర్పూరాన్ని ధారాళంగా వెదజల్లించినందువల్ల అతనికి కర్పూర వసంతరాయలు అనే బిరుదు సార్థకమైంది. ఆ బిరుదే పేరుగా ఆధునిక కాలంలో డా. సి. నారాయణరెడ్డి ఒక కావ్యం రచించగా, కుమారగిరి కథ నేటి పాఠకులకు మరల పరిచితమైంది.

1323లో కాకతీయ సామ్రాజ్యం పతనమైన పిమ్మట తెలుగునేల చిన్న చిన్న రాజ్యాలుగా విడిపోయింది. ఆ కల్లోలంలో అద్దంకి రాజధానిగా రెడ్డి రాజ్యాన్ని స్థాపించినవాడు ప్రోలయ వేమారెడ్డి. ఎఱ్ఱనను ఆదరించి హరివంశాన్ని అంకితం పొందిన ప్రభువు ఇతడే. శ్రీశైల, అహోబిల క్షేత్రాలకు యాత్రికులు సులభంగా ఎక్కిపోయేందుకు మెట్లు కట్టించిన ఖ్యాతి కూడా ఇతనిదే. ఇతని కుమారుడు అనవోతారెడ్డి రాజధానిని అద్దంకి నుంచి కొండవీటికి మార్చాడు. అనవోతుని అనంతరం అతని తమ్ముడు అనవేమారెడ్డి 1364 నుంచి 1386 వరకు పాలించాడు. శ్రీశైలంలో 1377లో వీరశిరోమండపం నిర్మించినవాడు ఈ అనవేముడు. వసంతోత్సవాల మీద మక్కువ ఇతని కాలం నాటికే కొండవీటి కొలువులో పాదుకొన్నది.

కుమారగిరి అనవోతారెడ్డి కుమారుడు. పినతండ్రి మరణించగా 1386లో సింహాసనం అధిష్ఠించాడు. ఆ సింహాసనం అతనికి సునాయాసంగా దక్కలేదని, జ్ఞాతుల నుంచి వ్యతిరేకత ఎదురైందని చరిత్రకారులు భావిస్తారు. అప్పుడూ ఆ తరువాతా అతనికి కుడిభుజంగా నిలిచినవాడు కాటయ వేమారెడ్డి. ఇతడు కుమారగిరి సోదరి మల్లాంబకు భర్త. మంత్రి, సేనాని, పండితుడు. బావమరది కళలలో మునిగి ఉండగా రాజ్యభారాన్ని బావ మోశాడు. కుమారగిరి జీవితంలోని ఒడుదుడుకులన్నీ ఈ ఒక్క మాటలో ఇమిడి ఉన్నాయని చెప్పవచ్చు.

వసంతోత్సవం కుమారగిరి కల్పించినది కాదు. మన్మథుని పూజించి, పరస్పరం రంగునీళ్ళు, సుగంధ చూర్ణాలు చల్లుకొని, నాట్యాలూ నాటకాలూ ప్రదర్శించే ఆచారం భారతదేశంలో అతి ప్రాచీనం. సంస్కృత నాటకాలలో దీని ప్రస్తావనలు పెక్కు కలవు. కుమారగిరి చేసినదల్లా ఆ ఆచారాన్ని ఒక రాజ్యపు ప్రధాన కార్యంగా పెంచడమే. చందనం, కస్తూరి, కుంకుమపువ్వు, పన్నీరు, జవ్వాది మొదలైన ద్రవ్యాలు రాశులుగా సమకూర్చవలసి వచ్చేది. వీటిలో పెక్కు ఈ నేల మీద లభించేవి కావు. మేలైన కర్పూరం సుమత్రా, బోర్నియో దీవుల అడవుల నుంచి రావలె. కస్తూరి హిమాలయాల ఆవల నుంచీ, కుంకుమపువ్వు కాశ్మీరం నుంచీ రావలె. సముద్రం మీద నెలల తరబడి ప్రయాణం చేసి వచ్చిన కర్పూరం కొన్ని దినాల వేడుకలో గాలిలో కలిసిపోయేది. వినోదానికి ఇంతకన్న ఖరీదైన వస్తువును ఊహించడం కష్టం.

ఈ సరకులను సమకూర్చే బాధ్యత వహించినవాడు అవచి తిప్పయ సెట్టి. సింహవిక్రమపట్టణం, అనగా నేటి నెల్లూరు, ఇతని నివాసం. తన సోదరులతో కలిసి దేశదేశాలతో ఓడ వర్తకం చేసిన కోటీశ్వరుడు. శ్రీనాథ మహాకవి ఇతనికి హరవిలాస కావ్యాన్ని అంకితం చేశాడు. ఆ కావ్యపు పీఠికలో తిప్పయ సెట్టి ఏ ఏ దేశాల నుంచి ఏ ఏ వస్తువులు తెప్పించేవాడో కవి వివరంగా వర్ణించాడు. సింహళం నుంచి ఏనుగులు, పారశీక సముద్రతీరంలోని హుర్ముజ్ నుంచి గుర్రాలు, చైనా నుంచి పట్టువస్త్రాలు వచ్చేవని దానివలన తెలుస్తున్నది. ఒక వర్తకునికి మహాకవి కావ్యాన్ని అంకితమిచ్చాడంటే ఆనాటి సమాజంలో ఆ వర్తకుని స్థానమేమిటో గ్రహించవచ్చు. రాజుకు వసంతోత్సవం ఆనందమైతే, వర్తకునికి అది ఏడాదికొకసారి తప్పక వచ్చే గిరాకీ.

ఆ వర్తకం వర్ధిల్లడానికి పునాది వేసినవాడు కుమారగిరి తండ్రి. అనవోతారెడ్డి 1358లో మోటుపల్లి రేవులో ఒక శాసనం వేయించాడు. విదేశాల నుంచి వచ్చే వర్తకులకు రక్షణ కల్పిస్తూ, సుంకాలలో కొన్నింటిని తగ్గిస్తూ, సంతానం లేక మరణించిన వర్తకుని ఆస్తిని రాజు స్వాధీనం చేసుకొనే పద్ధతిని రద్దు చేస్తూ చేసిన ప్రకటన అది. తండ్రి తెరిచిన రేవు వలన కలిగిన సంపద కుమారుని ఉత్సవాలకు ఆధారమైంది. అంతమాత్రాన కొండవీటి వేడుకల వ్యయమంతా సముద్రవ్యాపారం మీదనే నడిచిందనుకోరాదు. నాటి రాజ్యాలకు ప్రధానమైన ఆదాయం భూమి నుంచే. పల్నాటి నల్లరేగడి చేలలోనూ, కృష్ణాతీర గ్రామాలలోనూ పండిన పంటలో రాజభాగం కోటకు చేరితేనే బొక్కసం నిండేది.

ఇక్కడ ఒక విషయం ఆలోచించదగినది. మన కాలపు వినోదస్థలాలకు ప్రవేశ రుసుము ఉంటుంది. 1955లో అమెరికాలోని కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ తెరిచినప్పుడు పెద్దవారికి ప్రవేశ రుసుము ఒక డాలరు. నేడు ఒక్క దినానికి నూరు డాలర్లు దాటింది. హైదరాబాదు చేరువలో 1996లో ప్రారంభమైన రామోజీ ఫిల్మ్ సిటీకైనా కుటుంబంతో వెళ్ళే మధ్యతరగతి గృహస్థు ముందుగా ఖర్చు లెక్క వేసుకొనే బయలుదేరుతాడు. రుసుము పెరిగేకొద్దీ లోపలికి వచ్చే జనం మారిపోతారు. కుమారగిరి వసంతోత్సవానికి ద్వారం వద్ద రుసుము లేదు. కాని దాని వెల అంతకు ముందే, ఎన్నడూ కొండవీటి మెట్లెక్కని రైతు కళ్ళంలోనే వసూలైపోయింది. నేటి వినోదానికి వచ్చినవాడు చెల్లిస్తాడు. నాటి వినోదానికి రానివాడు చెల్లించాడు. ఉత్సవాన్ని కొనియాడిన కవులు రాజు దాతృత్వాన్ని వర్ణించారు గాని, ఆ రైతును గూర్చి పద్యం చెప్పలేదు. కావ్యపీఠికలు కృతిభర్తల కొరకు రచించినవి కదా!

అయినా ఆ ఉత్సవం కేవలం దుబారా అని తీసివేయడానికి వీలు లేదు. కుమారగిరి సుగంధాలను ప్రేమించినంతగా నాట్యశాస్త్రాన్నీ ప్రేమించాడు. వసంతరాజీయమనే నాట్యశాస్త్ర గ్రంథాన్ని స్వయంగా సంస్కృతంలో రచించాడు. అతని ఆస్థాన నర్తకి లకుమ. శాస్త్రంలో రాజు నిర్ణయించిన లక్షణాలకు ఆమె నృత్యం లక్ష్యంగా నిలిచిందని ప్రతీతి. వసంతోత్సవాలలో నాటక ప్రదర్శనలు జరగడం వల్ల నాటకాలను క్షుణ్ణంగా చదివి వివరించే పండితుల అవసరం ఏర్పడింది. కాటయ వేముడు కాళిదాసుని మూడు నాటకాలకూ వ్యాఖ్యానాలు రచించి, వాటికి బావమరది పేర కుమారగిరిరాజీయమని నామకరణం చేశాడు. కత్తి పట్టి రాజ్యాన్ని కాపాడుతున్న సేనాని అభిజ్ఞాన శాకుంతలానికి టీక వ్రాయడం తెలుగు చరిత్రలో అరుదైన విషయం. నాట్యశాల లేని కొండవీటిలో ఆ టీక పుట్టి ఉండేదా అన్నది సందేహమే.

అయితే రాజ్యం అంచులు క్రమంగా తరుగుతూ వచ్చాయి. పడమట విజయనగర ప్రభువు రెండవ హరిహరరాయల ఒత్తిడి పెరిగి, తాతతండ్రులు మెట్లూ మండపాలూ కట్టించిన శ్రీశైల ప్రాంతం రెడ్డి రాజుల చేజారింది. తూర్పున మాత్రం కుమారగిరి కుమారుడైన అనవోతుడు, కాటయ వేముడు కలిసి కళింగం వైపు దండయాత్రలు సాగించి విజయాలు సాధించారు. రాజమహేంద్రవరం కేంద్రంగా తూర్పు ప్రాంతాన్ని రాకుమారుని పాలనకు అప్పగించారు. కాని ఆ యువకుడు తండ్రి జీవించి ఉండగానే అకాల మరణం చెందాడు. కుమారగిరి జీవితంలో ఇది తీరని దెబ్బ. వారసుడు లేని రాజు పక్కన ఎన్ని బుక్కాలు చల్లినా రాజ్యానికి భద్రత చేకూరదు.

కొడుకు పోయిన పిమ్మట కుమారగిరి రాజమహేంద్రవర రాజ్యాన్ని కాటయ వేమునికి ఇచ్చివేశాడు. చేసిన సేవకు అది తగిన ప్రతిఫలమే. కాని రాజ్యం రెండుగా చీలడం జ్ఞాతులకు రుచించలేదు. ప్రోలయ వేమారెడ్డి అన్న మాచారెడ్డి వంశంలో పుట్టిన పెదకోమటి వేమారెడ్డి దీనిని తీవ్రంగా ప్రతిఘటించాడు. 1402 నాటికి కుమారగిరి పాలన ముగిసింది. కొండవీడు పెదకోమటి వేముని వశమైంది. కాటయ వేముడు రాజమహేంద్రవరం చేరుకొని అక్కడ నిలదొక్కుకొన్నాడు. ఆపైన రెండు రెడ్డి రాజ్యాల మధ్య అనేక సంవత్సరాలు పోరు సాగింది. ఒకే కోటలో వసంతాలాడిన బంధువులు ఒకరిపై ఒకరు సేనలు నడిపారు.

పెదకోమటి వేముడు కూడా విద్యాప్రియుడే. సాహిత్య చింతామణి, సంగీత చింతామణి, అమరుక కావ్యానికి శృంగారదీపిక అనే వ్యాఖ్య అతని రచనలు. శ్రీనాథుడు విద్యాధికారిగా వెలిగినది ఇతని కొలువులోనే. ఇతని తరువాత వచ్చిన రాచవేముడు ప్రజలను పన్నులతో పీడించాడని, బిడ్డ పుట్టితే పురిటి సుంకం వసూలు చేశాడని, ఆ సుంకం కారణంగానే సవరం ఎల్లయ అనేవాని చేతిలో హతుడయ్యాడని ఐతిహ్యం. 1424తో కొండవీటి రెడ్డి రాజ్యం అంతరించింది. ఉత్సవం చేసిన రాజుకూ, సుంకం వేసిన రాజుకూ నడుమ గడిచిన కాలం ఇరవై రెండు సంవత్సరాలు మాత్రమే. తరువాత కొండవీడు గజపతుల అధీనమైంది. వారి నుంచి 1515లో శ్రీకృష్ణదేవరాయలు దానిని జయించాడు.

పల్నాటి సీమలో వేడుకలు మాత్రం ఆగిపోలేదు. నరసరావుపేట సమీపాన కోటప్పకొండకు మహాశివరాత్రి నాడు చుట్టుపక్కల గ్రామాలవారు చందాలు వేసుకొని కట్టిన ప్రభలతో తరలివస్తారు. లక్షలాది జనం చేరుతారు. ఏ ఊరి ప్రభ ఎంత ఎత్తు అన్నది ఆ ఊరి పౌరుషానికి సంబంధించిన విషయం. కారెంపూడిలో కార్తికమాసంలో పల్నాటి వీరుల ఉత్సవాలు అయిదు దినాలు జరుగుతాయి. అందులో మందపోరు నాడు కులభేదం లేకుండా అందరూ కలిసి భుజించే చాపకూడు నేటికీ ప్రసిద్ధం. ఆ వీరుల కథను శ్రీనాథుడు ద్విపదలో రచించాడని చెబుతారు. ఏ రాజూ పోషించకపోయినా ఈ తిరునాళ్ళు సాగుతూనే ఉన్నాయి. కుమారగిరి వసంతోత్సవం కుమారగిరితోనే ముగిసింది. ఊరివారు తమ చేతులతో కట్టుకొన్న ప్రభకూ, రాజు బొక్కసం నుంచి వచ్చిన కర్పూరానికీ ఉన్న తేడా ఇది.

కొండ మీద నేడు శిథిలమైన కోటగోడలు, బురుజులు, మండపాలు, వర్షపు నీటిని నిలుపుకొనే చెరువులు మిగిలి ఉన్నాయి. ఘాట్ రోడ్డు వేసిన తరువాత వాహనాలు పైదాకా వెళుతున్నాయి. సెలవు దినాలలో గుంటూరు, నరసరావుపేటల నుంచి కుటుంబాలు, విద్యార్థులు వచ్చి పోతున్నారు. వసంతరాజీయం మూలగ్రంథం లభించలేదు. కాటయ వేముడు తన వ్యాఖ్యానాలలో సందర్భానుసారంగా దానిని ఉదాహరించినందువల్ల అందులోని కొన్ని భాగాలు మాత్రం దక్కాయి. కాళిదాసుని నాటకాలను వ్యాఖ్యాన సహితంగా చదివే సంస్కృత విద్యార్థులు ఆ పుటలలో కుమారగిరి పేరును ఇప్పటికీ చూస్తున్నారు.