కందుకూరి వీరేశలింగం

కందుకూరి వీరేశలింగం (1848 ఏప్రిల్ 16 - 1919 మే 27) సంఘ సంస్కర్త, రచయిత, పత్రికా సంపాదకుడు, ఉపాధ్యాయుడు. వీరేశలింగం పంతులుగా సుప్రసిద్ధుడు. హిందూ వితంతువులకు పునర్వివాహ హక్కును ప్రసాదించిన చట్టం 1856లోనే వచ్చినప్పటికీ, తెలుగునాట అది పాతికేళ్ళపాటు కాగితానికే పరిమితమయింది. అధిక సంఖ్యాకుల వ్యతిరేకతకు వెరవక ఆ హక్కును ఆచరణలోకి తెచ్చిన ఘనత వీరేశలింగానిది. వివాహ విషయంలో చట్టానికీ, జనాభిప్రాయానికీ నడుమ ఏర్పడే అంతరానికి ఆయన జీవితం ఒక ముఖ్యమైన ఉదాహరణ.

బాల్యము, విద్య

వీరేశలింగం రాజమండ్రిలో (నేటి రాజమహేంద్రవరం) పున్నమ్మ, సుబ్బారాయుడు దంపతులకు జన్మించాడు. ఆయన పూర్వీకులు కందుకూరు నుండి గోదావరి తీరానికి వలస వచ్చినవారు. ఇంటిపేరు ఆ ఊరి పేరు మీదనే ఏర్పడింది. ఈ కందుకూరు 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేవరకు నెల్లూరు జిల్లాలో భాగంగా ఉండేది.

నాలుగేళ్ళ వయసులోనే తండ్రి మరణించగా, పెదతండ్రి వెంకటరత్నం ఆయనను పెంచి పెద్దచేశాడు. సుమారు పదమూడేళ్ళ ప్రాయంలో బాపమ్మ అనే బాలికతో వివాహం జరిగింది. ఆమెయే తరువాత రాజ్యలక్ష్మిగా ప్రసిద్ధి చెందింది. బాల్యవివాహాలను జీవితమంతా ఖండించిన వీరేశలింగానిది కూడా బాల్యవివాహమే. ఆ కాలంలో అది సర్వసాధారణం.

విద్యార్థి దశలో కేశవ చంద్ర సేన్ రచనలు ఆయనను ప్రభావితం చేశాయి. విగ్రహారాధన, మూఢ విశ్వాసాల పట్ల ఆయనకు విశ్వాసం సడలింది. దయ్యాల భయం వట్టిదని నిరూపించడానికి అర్ధరాత్రి శ్మశానానికి వెళ్ళేవాడని చెబుతారు. ఆనాటి ప్రభుత్వోద్యోగాలలో లంచగొండితనం ప్రబలి ఉండుటచేత, దానికి దూరంగా ఉపాధ్యాయ వృత్తిని ఎంచుకున్నాడు. కోరంగి, ధవళేశ్వరం పాఠశాలలలో పనిచేసిన పిమ్మట రాజమండ్రికి వచ్చాడు.

పత్రిక, పాఠశాల

1874లో ధవళేశ్వరంలో బాలికల కొరకు పాఠశాలను స్థాపించాడు. అదే సంవత్సరం అక్టోబరులో వివేకవర్ధని పత్రికను ప్రారంభించాడు. ఉద్యోగుల అవినీతి, న్యాయస్థానాలలోని లోపాలు, వేశ్యాలోలత్వం, కన్యాశుల్కం వంటి వాటిని ఈ పత్రికలో నిర్భయంగా విమర్శించాడు. మొదట్లో పత్రికను మద్రాసులో అచ్చువేయించి తెప్పించేవాడు. తరువాత రాజమండ్రిలోనే సొంత ముద్రణాలయం ఏర్పరచుకున్నాడు. 1883లో స్త్రీల కొరకు సతీహితబోధిని అనే పత్రికను ప్రారంభించాడు.

వృద్ధుడు బాలికను పెండ్లాడటాన్ని ఎగతాళి చేస్తూ బ్రాహ్మవివాహము అనే ప్రహసనాన్ని వ్రాశాడు. శాస్త్ర చర్చలు పండితులకు మాత్రమే అందుతాయి. ప్రహసనం చదువురాని వారిని కూడా నవ్విస్తూ ఆలోచింపజేస్తుంది. వివాహ వ్యవస్థలోని దోషాలను సామాన్య ప్రజల ముందుంచడానికి ఆయన ఈ ప్రక్రియను విరివిగా ఉపయోగించాడు.

1856 నాటి చట్టం - నేపథ్యం

బాల్యవివాహాల వలన ఎందరో బాలికలు కాపురానికి వెళ్ళకముందే వితంతువులయ్యేవారు. బ్రాహ్మణ కుటుంబాలలోను, వారి ఆచారాలను అనుసరించే మరికొన్ని కులాలలోను వారికి పునర్వివాహం నిషిద్ధం. శిరోముండనం, ఒంటిపూట భోజనం, శుభకార్యాలకు దూరంగా ఉండటం వారి జీవితంలో భాగాలు. అయితే అనేక ఇతర కులాలలో మారుమనువు పూర్వం నుండి ఆచారంగానే ఉంది.

బెంగాలులో ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు 1855లో శాస్త్ర ప్రమాణాలతో వితంతు వివాహాన్ని సమర్థిస్తూ గ్రంథాలు ప్రకటించి, చట్టం చేయమని ప్రభుత్వానికి విన్నపం పంపాడు. ఆ విన్నపంపై సంతకాలు చేసినవారు సుమారు వెయ్యిమంది. రాధాకాంత దేవ్ నాయకత్వంలో వచ్చిన వ్యతిరేక విన్నపంపై 36 వేలకు పైగా సంతకాలున్నాయి. సంతకాల సంఖ్యయే ప్రమాణమయితే ఆ బిల్లు వీగిపోయేదే. కానీ నాటి శాసన మండలిలో భారతీయ సభ్యులు లేరు. ప్రజలకు ఓటు లేదు. 1856 జూలైలో ఆ బిల్లు 15వ చట్టంగా ఆమోదం పొందింది.

ఈ చట్టం వితంతు వివాహాన్ని, ఆ వివాహం వలన కలిగిన సంతానాన్ని సక్రమమని ప్రకటించింది. తొలి వివాహానికి జరిపే కర్మకాండయే పునర్వివాహానికి కూడా చెల్లుతుందని పేర్కొంది. అయితే పునర్వివాహం చేసుకున్న స్త్రీ మొదటి భర్త ఆస్తిలో తనకున్న జీవనాధికారాన్ని కోల్పోతుందని కూడా నిర్దేశించింది. కాపురానికి వెళ్ళని మైనరు వితంతువు విషయంలో తండ్రి, ఆయన లేనిచో ఇతర దగ్గరి బంధువుల సమ్మతి అవసరమని, సమ్మతి లేని వివాహానికి తోడ్పడినవారు శిక్షార్హులని తెలిపింది. అనగా హక్కు లభించినా దానిని వినియోగించుకోవలసిన స్త్రీకి ఆస్తి పోతుంది, బంధువుల తోడు ఉండదు. పురోహితుడు రాడు, వంటవాడు రాడు, నీళ్ళు మోసే మనిషి కూడా రాడు. చట్టాన్ని ఆమోదించిన ప్రభుత్వం వీటిలో దేనినీ సమకూర్చలేదు.

వితంతు వివాహ ఉద్యమము

1879 ఆగస్టులో వీరేశలింగం రాజమండ్రిలో వితంతు వివాహాన్ని సమర్థిస్తూ బహిరంగ ఉపన్యాసం చేశాడు. స్మృతుల నుండి ప్రమాణాలు చూపి వాదించాడు. పండితులు సభలు చేసి, ఖండన గ్రంథాలు ప్రచురించి ప్రతివాదం చేశారు. ఈ వాదోపవాదాలలో కొక్కొండ వెంకటరత్నం పంతులు వంటి ఉద్దండ పండితులు ఎదుటి పక్షాన నిలిచారు.

కేవలం వాదన వలన ప్రయోజనం లేదని గ్రహించిన వీరేశలింగం వివాహాలు జరిపించడానికి పూనుకున్నాడు. ఆయన విద్యార్థులలో బసవరాజు గవర్రాజు వంటివారు, మిత్రులలో న్యాయవాది ఆత్మూరి లక్ష్మీనరసింహం వంటివారు అండగా నిలిచారు. కాకినాడకు చెందిన వర్తకుడు పైడా రామకృష్ణయ్య ధన సహాయం చేశాడు. ఈ సహాయం లేనిదే ఉద్యమం సాగేది కాదు. వివాహపు ఖర్చులతోపాటు, వెలివేయబడిన దంపతుల పోషణ భారం కూడా ఉద్యమకారులే వహించవలసి వచ్చేది.

1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం స్వగృహంలో గౌరమ్మ అనే బాల వితంతువుకు గోగులపాటి శ్రీరాములుతో వివాహం జరిగింది. తెలుగునాట జరిగిన తొలి వితంతు వివాహంగా ఇది చరిత్రకెక్కింది. ఊరంతా అట్టుడికిపోయింది. విద్యార్థులు ఇంటికి కావలి కాశారు. వంటవారు, పనివారు రాకపోవడంతో రాజ్యలక్ష్మి స్వయంగా గోదావరి నుండి నీళ్ళు మోసుకొచ్చి వంట చేసింది. నాలుగు రోజుల తరువాత రెండవ వివాహం జరిగింది.

పీఠాధిపతి పేరిట వెలి ఆజ్ఞలు వచ్చాయి. వివాహానికి హాజరైన వారిలో కొందరు బంధువుల ఒత్తిడికి లొంగి ప్రాయశ్చిత్తం చేసుకున్నారు. వీరేశలింగం చేసుకోలేదు. బంధువులు రాకపోకలు మానుకున్నా, శుభాశుభ కార్యాలకు పురోహితులు రాకపోయినా దంపతులిద్దరూ వెనుకంజ వేయలేదు. ఆయన జీవితకాలంలో దాదాపు నలభై వితంతు వివాహాలు జరిపించాడు. మహదేవ గోవింద రానడే ఆయనను దక్షిణ దేశపు విద్యాసాగరునిగా అభివర్ణించాడు.

రాజ్యలక్ష్మి పాత్ర

ఉద్యమంలో రాజ్యలక్ష్మి పాత్ర భర్తకు తోడ్పాటుతో ఆగలేదు. పుట్టింటి వారు, అత్తింటి వారు దూరమైనా ఆమె చలించలేదు. ఆశ్రయం కోరి వచ్చిన వితంతువులను తన ఇంట ఉంచుకొని, చదువు చెప్పించి, వివాహాలకు తల్లి స్థానంలో నిలిచింది. సంతానం లేని ఆ దంపతులకు వారే పిల్లలయ్యారు. ఆమె 1910 ఆగస్టులో మరణించింది.

సంస్థలు

వీరేశలింగం 1887లో రాజమండ్రిలో బ్రహ్మసమాజ మందిరాన్ని, 1890లో పురమందిరాన్ని నెలకొల్పాడు. మద్రాసులోను, రాజమండ్రిలోను వితంతు శరణాలయాలు స్థాపించాడు. 1898లో మద్రాసులో జరిగిన సాంఘిక సంస్కరణ మహాసభకు అధ్యక్షత వహించాడు. 1899లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితునిగా చేరాడు. 1906లో హితకారిణి సమాజాన్ని స్థాపించి, తరువాత తన యావదాస్తిని దానికి సమర్పించాడు. వ్యక్తి మరణించినా పని ఆగకూడదనే ఉద్దేశంతో ఏర్పడిన ఈ సమాజం ఆధ్వర్యంలో రాజమండ్రిలో విద్యాసంస్థలు నడిచాయి.

సాహిత్య సేవ

వీరేశలింగం నూటికి పైగా గ్రంథాలు రచించాడు. రాజశేఖర చరిత్రము తెలుగు నవలా ప్రక్రియకు మార్గదర్శకమయింది. ఇది 1878లో వివేకవర్ధనిలో ధారావాహికగా ప్రారంభమై 1880లో గ్రంథరూపంలో వెలువడింది. ఆంధ్ర కవుల చరిత్రము, స్వీయ చరిత్రము ఆయన ఇతర ముఖ్య రచనలు. ప్రారంభంలో గ్రాంథిక శైలిలో వ్రాసినా క్రమంగా సరళమైన వచనానికి మళ్ళాడు. ఆయన జీవితకాలంలోనే వెలువడిన గురజాడ అప్పారావు కన్యాశుల్కం నాటకం ఆనాటి వితంతు వివాహ చర్చను రంగస్థలంపైకి తెచ్చింది.

విమర్శలు, పరిమితులు

వీరేశలింగం జరిపించిన తొలి వివాహాలు ఎక్కువగా బ్రాహ్మణ కుటుంబాలకు సంబంధించినవి. కనుక ఇది అగ్రవర్ణాల సమస్యకే పరిమితమైన ఉద్యమమని కొందరు విమర్శకుల అభిప్రాయం. కొందరు వరులు ధనసహాయం, ఉద్యోగం ఆశించి ముందుకు వచ్చారని, అది ఆయనకు మనస్తాపం కలిగించిందని కూడా తెలుస్తున్నది. వివాహాల సంఖ్య తక్కువే. కానీ ఒక్కొక్క వివాహమూ బహిరంగంగా, అగ్నిసాక్షిగా, పదిమంది ఎదుట జరిగింది. దానివలన అసాధ్యమన్నది సాధ్యమని ఊరూరా తెలిసింది.

తరువాతి పరిణామాలు

బాలికల కనీస వివాహ వయస్సును 14 సంవత్సరాలుగా నిర్ణయించిన శారదా చట్టం 1929లో ఆమోదం పొంది, 1930 ఏప్రిల్ నుండి అమలులోకి వచ్చింది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం వితంతువుకు ఆస్తిపై సంపూర్ణ హక్కు కల్పించింది. వితంతు వివాహాన్ని ఇతర వివాహాలతో సమానంగా గుర్తించిన పిదప ప్రత్యేక చట్టం అవసరం తీరిపోవుటచేత, 1856 నాటి చట్టాన్ని 1983లో రద్దు చేశారు.

కొద్దిమంది వివాహ హక్కును అధిక సంఖ్యాకుల ఆమోదానికి విడిచిపెట్టవచ్చునా అన్న ప్రశ్న వేరొక రూపంలో తరువాతి కాలంలోనూ తలెత్తింది. అమెరికాలో స్వలింగ వివాహాన్ని గుర్తించాలా వద్దా అన్న విషయాన్ని అనేక రాష్ట్రాలు నేరుగా ప్రజల ఓటుకు పెట్టాయి. 2004 నవంబరులో 11 రాష్ట్రాల ఓటర్లు నిషేధాన్ని ఆమోదించారు. 2008లో కాలిఫోర్నియాలో సుమారు 52 శాతం మంది ఓటర్లు అప్పటికే అమలులో ఉన్న హక్కును తొలగించారు. 2012 నవంబరులో మాత్రం మెయిన్, మేరీలాండ్, వాషింగ్టన్ రాష్ట్రాల ఓటర్లు స్వలింగ వివాహాన్ని అంగీకరించారు. 2015 జూన్ 26న అమెరికా సుప్రీంకోర్టు దేశమంతటా ఈ హక్కును గుర్తించింది. కాలిఫోర్నియా ఓటర్లు 2024లో తమ రాజ్యాంగంలోని పాత నిషేధ వాక్యాన్ని తొలగించారు.

భారతదేశంలో ఇటువంటి ప్రజా ఓటింగు పద్ధతి లేదు. స్వలింగ వివాహాలకు గుర్తింపు కోరుతూ హైదరాబాదుకు చెందిన ఒక జంటతో సహా పలువురు వేసిన పిటిషన్లపై సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 17న తీర్పునిచ్చింది. గుర్తింపునివ్వడానికి నిరాకరిస్తూ, అది చట్టసభ పరిధిలోని విషయమని పేర్కొంది.

ఈ రెండు సందర్భాలకు కాలంలోను, విషయంలోను భేదముంది. 1856లో చట్టం ముందు వచ్చింది, జనామోదం తరువాత మెల్లగా వచ్చింది. అమెరికా రాష్ట్రాలలో జనాభిప్రాయాన్ని ముందు అడిగారు. పదేళ్ళు తిరగకుండానే ఆ అభిప్రాయం మారింది. అభిప్రాయం మారడానికి తోడ్పడేవాటిలో ఇరుగుపొరుగున అటువంటి దంపతులు కళ్ళెదుట కాపురం చేయడం ఒకటి. వీరేశలింగం 1881లో తన ఇంటి నుండి మొదలుపెట్టిన పని కూడా అదే.

మరణము, గుర్తింపు

వీరేశలింగం 1919 మే 27న మద్రాసులో మరణించాడు. ప్రభుత్వం 1893లో ఆయనకు రావు బహద్దూర్ బిరుదు ఇచ్చింది. భారత తపాలా శాఖ 1974లో ఆయన స్మారకంగా తపాలా బిళ్ళ విడుదల చేసింది. ఆయన జన్మదినమైన ఏప్రిల్ 16ను తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుతారు. హైదరాబాదు ట్యాంక్‌బండ్‌పై ఆయన విగ్రహం ఉంది. రాజమహేంద్రవరంలో ఆయన నివసించిన ఇల్లు, తొలి వితంతు వివాహం జరిగిన ఆ ఇల్లే, స్మారక చిహ్నంగా పరిరక్షించబడింది.