సామర్లకోటలో రాక్స్‌బర్గ్

వృక్షశాస్త్రం చదివేవాళ్ళకు మొక్కల శాస్త్రీయ నామాల చివర రాక్స్‌బ్ అన్న పొట్టి గుర్తు కొత్త కాదు. ఆ గుర్తు వెనకున్న మనిషి మన గోదావరి సీమలో పదేళ్ళకు పైగా ఉన్నాడన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

విలియం రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లండులో పుట్టాడు. ఎడింబరోలో వైద్యంతో పాటు వృక్షశాస్త్రం నేర్చుకుని, 1776లో ఈస్టిండియా కంపెనీ వైద్యుడిగా మద్రాసులో చేరాడు. 1781 ప్రాంతంలో సామర్లకోట వచ్చాడు. కంపెనీకి కావలసింది లాభం. అందుకని మిరియం, నీలిమందు మొక్కలు పెంచి చూశాడు. కానీ ఆయన కన్ను పొలంగట్ల మీది పిచ్చిమొక్కల్నీ వదల్లేదు. 1787 ఉప్పెనలో పుస్తకాలు, కాగితాలు పోయినా పని మానలేదు.

పచ్చి మొక్కను ఎదుట పెట్టి, పువ్వును భాగాలుగా విడదీసి, ఇక్కడి చిత్రకారులచేత బొమ్మలు వేయించేవాడు. ఊరివాళ్ళు ఆ మొక్కను ఏమంటారో అడిగి తెలుగు పేరు కూడా రాసుకునేవాడు.

నేలతాడినే తీసుకోండి. ఆకులు తాటిమొలకలా ఉంటాయి కనుక ఆ పేరు. పువ్వు చూస్తే తాటితో చుట్టరికమే లేదు, అంతా లిల్లీ పోలికే: ఆరు పసుపు పరిపత్రాలు, ఆరు కేసరాలు. అండాశయం మాత్రం పువ్వు కింద, మట్టిలో దాగి ఉంటుంది. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన రాసిన గ్రంథంలో ఈ బొమ్మ తెలుగు పేరుతో సహా అచ్చయింది.

లిల్లీలాంటి అడవి మొక్కల్ని గుర్తుపట్టడానికి కీలకం ఇక్కడే ఉంది. ముందు కేసరాలు లెక్కపెట్టాలి. తర్వాత పువ్వును నిలువుగా కోసి అండాశయం ఎక్కడుందో చూడాలి. అడవినాభికి, అడవి ఉల్లికి అది ఊర్ధ్వం. నేలతాడికి, విషమూంగలికి నిమ్నం. నాభి ఆకు కొన నులితీగలా చుట్టుకుంటుంది. అడవి ఉల్లి ఆకు రాకముందే పూస్తుంది, గడ్డకు ఉల్లి ఘాటు ఉండదు. దానికి సిల్లా ఇండికా అని పేరు పెట్టింది రాక్స్‌బర్గే.

ఇదంతా ప్రాక్టికల్ మార్కుల కోసమే అనుకోకండి. నాభి దుంప, అడవి ఉల్లిగడ్డ రెండూ విషమే. నాభిని తినే దుంపనుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు.

1793లో ఆయన కలకత్తా తోటకు అధిపతిగా వెళ్ళాడు. 1813లో ఇండియా విడిచి, 1815లో ఎడింబరోలో కన్నుమూశాడు. 300 బొమ్మలున్న కోరమాండల్ గ్రంథం మూడో సంపుటం 1820లో గానీ పూర్తి కాలేదు. ఫ్లోరా ఇండికా పూర్తిగా వెలువడింది 1832లో.

పాత లిలియేసీ కుటుంబం ఇప్పుడు ముక్కలైంది, డి.ఎన్.ఏ. పరీక్షల తర్వాత నాభి, నేలతాడి, అడవి ఉల్లి తలో కుటుంబంలోకి వెళ్ళాయి. తెలుగు పేర్లు మాత్రం మారలేదు. అయితే ఆ బొమ్మలు గీసినవాళ్ళ పేర్లు, ఆ మొక్కల పేర్లు చెప్పిన రైతుల పేర్లు పుస్తకానికి ఎక్కలేదు. మన ఊళ్ళలో ఆ పేర్లు తెలిసిన పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు హెర్బేరియం షీటు మీద మొక్క పేరుతో పాటు, అది చెప్పినవారి పేరు కూడా రాద్దాం. రాక్స్‌బర్గ్ మిగిల్చిపోయిన పని అదొక్కటే.