మాస్టారు సగం చెప్పిన కథ

పదో తరగతి పాసయ్యాక నేను తెలుగు సాహిత్యం చదువుతానన్నాను. ఇంట్లో బైపీసీ అన్నారు. దిగాలుగా బడి వరండాలో నిలబడి ఉంటే మన సైన్సు మాస్టారు పిలిచి రేచెల్ కార్సన్ కథ చెప్పారు. (ఆయన పేరు రాయనక్కర్లేదు. మందారపువ్వును బ్లేడుతో నిలువునా కోసి అండాశయం చూపించింది ఆయనే.)

ఆమె 1907లో అమెరికాలో, పెన్సిల్వేనియా రాష్ట్రంలోని స్ప్రింగ్‌డేల్ అనే చిన్న ఊళ్లో పుట్టింది. సుమారు 65 ఎకరాల పొలం, దగ్గర్లో అలెగనీ నది. పెళ్లికి ముందు టీచరుగా పనిచేసిన తల్లి మరియా కూతుర్ని వెంటబెట్టుకుని చెట్లమధ్య తిరుగుతూ పిట్టల్నీ పురుగుల్నీ చూపించేది. ఆ పిల్ల కథ పదకొండో ఏటే పిల్లల పత్రికలో అచ్చయింది. రచయిత్రి కావాలనే కోరికతోనే 1925లో పిట్స్‌బర్గ్‌లోని మహిళా కళాశాలలో ఇంగ్లీషు తీసుకుంది. ఒక సైన్సు తప్పనిసరి కాబట్టి జీవశాస్త్రం తరగతికి వెళ్లింది. అక్కడ మేరీ స్కాట్ స్కింకర్ గారి పాఠాలు విని, 1928లో ఇంగ్లీషు వదిలి జీవశాస్త్రానికి మారిపోయింది. సైన్సు చదివిన ఆడవాళ్లకు ఉద్యోగాలు దొరకడమే కష్టమైన రోజులవి.

మాస్టారు అక్కడితో ఆపేశారు. నేను ఆ సాయంత్రమే బైపీసీ దరఖాస్తు నింపాను. డాక్టరు సీటు రాలేదు. జువాలజీ చదివి, అదే పాఠం చెప్పుకుంటూ బతికాను. మిగతా కథ లెక్చరర్నయ్యాక గానీ తెలియలేదు.

చిన్నప్పటినుంచీ సముద్రం గురించి చదువుతూ వచ్చిన ఆమె, దాన్ని మొదటిసారి చూసింది 1929లో, డిగ్రీ అయ్యాక, వుడ్స్ హోల్ పరిశోధనాలయానికి వెళ్లినప్పుడు. 1932లో జాన్స్ హాప్కిన్స్‌లో ఎం.ఏ. పూర్తయింది. ఆమె పరిశీలించింది జెల్ల జాతి చేప పిల్లల్లో తొలి మూత్రపిండం ఎలా ఏర్పడుతుందని. మైక్రోస్కోపు ముందు కూర్చున్నవాళ్లకు తెలుస్తుంది అదెంత ఓపిక పనో! ఇల్లు గడవక డాక్టరేటు మధ్యలో మానేసింది. 1935లో తండ్రి పోయాడు. అప్పుడే ప్రభుత్వ మత్స్యశాఖకు చేపల మీద రేడియో ప్రసంగాలు రాసే మనిషి కావలసివచ్చింది. సైన్సూ తెలియాలి, రాయడమూ రావాలి. ఆమెకు రెండూ వచ్చు.

ఇక్కడ పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. సైన్సులోకి వచ్చి రాతను వదులుకున్నానని ఆమె అనుకుందట. నేనూ అలాగే అనుకున్నాను, ఇరవయ్యేళ్లుగా.

1951లో సముద్రం మీద రాసిన పుస్తకం ఆమెకు ఉద్యోగం మానేసేంత ఆదాయం తెచ్చింది. 1962లో ‘సైలెంట్ స్ప్రింగ్’ వచ్చింది. డీడీటీలాంటి మందులు పురుగుతో ఆగవనీ, పిట్టల్లోకీ చేపల్లోకీ మనలోకీ చేరతాయనీ చెప్పింది. మందుల కంపెనీలు విరుచుకుపడ్డాయి. అప్పటికే ఆమెకు రొమ్ము క్యాన్సర్. ఆ సంగతి బయటపెట్టకుండానే 1963లో సెనేట్ కమిటీ ముందు మాట్లాడింది. 1964 ఏప్రిల్ 14న, 56 ఏళ్లకు కన్నుమూసింది. అమెరికా 1972లో పంటలకు డీడీటీ వాడకాన్ని దాదాపుగా నిషేధించింది. ఆ రోజుల్లో మా నాన్న ముక్కుకు గుడ్డయినా కట్టుకోకుండా పత్తిచేలో ఎండ్రిన్ కొడుతుండేవాడు.

రిటైరయ్యాక మన ఊరి చెరువు పిట్టల మీద తెలుగులో రాయడం మొదలుపెట్టాను. ఒక నోటుబుక్కు నిండింది. స్వర్ణోత్సవం రోజున తెస్తాను. చెరువుగట్టు మీద పెరిగినవాళ్లు పిట్టల పేర్లు కాస్త సరిచూసి పెట్టండి.