తంతికి అంచె కట్టిన జోసెఫ్ హెన్రీ

అమెరికా సంయుక్త రాష్ట్రములలో న్యూయార్కు రాష్ట్రమునకు ముఖ్యపట్టణమగు ఆల్బనీ నగరమున 1797 డిసెంబరు 17వ తేదీన జోసెఫ్ హెన్రీ జన్మించెను. తల్లిదండ్రులిరువురును స్కాట్లండునుండి వలసవచ్చిన కుటుంబములవారు. తండ్రి కూలినాలి చేసి దినము గడుపుకొనువాడు. ఆరేడేండ్ల ప్రాయముననే బాలుని గాల్వే యను పల్లెలోనున్న అమ్మమ్మ యింటికి పంపివేసిరి. అచ్చటి బడిలో అతడు నేర్చినది స్వల్పము. పదేండ్లు వచ్చుసరికి ఒక అంగడిలో పనికి కుదిరెను. 1811లో తండ్రి మరణించెను.

ఆ పల్లెలో జరిగిన యొక చిన్న సంగతిని హెన్రీ పెద్దవాడైన పిదప గూడ తలచుకొనుచుండెడివాడు. అతడు పెంచుకొన్న కుందేలు ఒకనాడు తప్పించుకొని ప్రార్థనామందిరపు పునాదిలోని కంతలో దూరెను. దానివెంట బాలుడును ప్రాకుచు లోనికి పోయెను. నేలపలకల సందునుండి వెలుగు కనబడగా పైకెక్కి చూచెను. అది గ్రామస్థుల పుస్తకములుంచు గది! చేతికందిన కథాగ్రంథ మొకటి తీసి చదువ మొదలిడి, కుందేలును మరచెను. అంతవరకు చదువన్నచో విముఖుడైన బాలుడు, ఆ తరువాత చాలనాళ్లు ఆ కంతద్వారముననే గ్రంథాలయ ప్రవేశము చేయుచుండెను. పిమ్మట అంగడి యజమాని పూనికవలన తలవాకిట పోవుటకు అనుమతి దొరకినది. చందా కట్టని ఈ పాఠకుని ఏ గ్రంథాలయాధికారియు నిందింపజాలడు.

పదునాలుగేండ్లు నిండుటకు ముందే హెన్రీ ఆల్బనీకి తిరిగివచ్చి, గడియారములు బాగుచేయు నొక వెండిపనివాని యొద్ద పని నేర్చుకొనుటకు చేరెను. మనస్సు మాత్రము నాటకములపై నిలిచెను. ఒక ఔత్సాహిక సమాజములో చేరి నాటకములు వ్రాసి, ఆడి, నలుగురి మెప్పు పొందుచుండగా, పదునారవయేట జబ్బుచేసి కొన్నాళ్లు ఇల్లు కదలలేకపోయెను. తల్లి తన యింట బాడుగకు మనుష్యులను ఉంచుకొనెడిది. వారిలో నొకరి పుస్తకము బల్లపై పడియుండెను. అది జార్జి గ్రెగరీ యను నాంగ్లేయుడు ప్రకృతిశాస్త్రము, ఖగోళము, రసాయనము అను విషయములపై సామాన్యులకొరకు వ్రాసిన గ్రంథము. పైకి విసరిన రాయి యేల క్రిందబడును, నిప్పుమంట యేల పైకెగయును అను ప్రశ్నలు అందు కలవు. దినదినము కన్నులయెదుట జరుగు పనులకు కారణము తనకు తెలియదని గ్రహించిన యా దినముననే ఆ యువకుడు నాటకములకు సెలవు చెప్పెను. పుస్తకపు సొంతదారు సంతోషించి దానిని అతనికే యిచ్చివేసెను. అది గొప్ప గ్రంథము కాకున్నను తన జీవితమును త్రిప్పివేసినదని హెన్రీ కాలాంతరమున దాని అట్టలోపలి పుటపై వ్రాసికొనెను.

తరువాతి యేండ్లు కష్టముతో గడచినవి. 1819లో ఆల్బనీ అకాడమీ యందు ఉచితముగ చదువు దొరకెను. పల్లెబడులలో పాఠములు చెప్పుచు, ధనికుల పిల్లలకు ఇంటిచదువు చెప్పుచు పొట్టపోసికొనెను. 1825లో హడ్సన్ నదినుండి యీరీ సరస్సువరకు వేయదలచిన రాజమార్గమునకు సర్వే పనిచేసెను. 1826లో అదే అకాడమీలో గణితమునకు, ప్రకృతిశాస్త్రమునకు ఆచార్యుడయ్యెను. దినమునకు ఏడు గంటలు పిల్లలకు పాఠము చెప్పవలెను. పెద్దగది ఖాళీగా దొరకునది ఆగస్టు సెలవులలో మాత్రమే. ఆయన పరిశోధనలలో అధికభాగము ఆ యొక్క నెలలో జరిగినవే.

ఇంగ్లండులో విలియం స్టర్జన్ 1825లో మొదటి విద్యుదయస్కాంతమును చేసియుండెను. గుఱ్ఱపునాడావలె వంచిన యినుపకడ్డీకి లక్కపూత పూసి, దానిపై వట్టి రాగితీగెను ఎడమెడముగ చుట్టి, తీగెలో విద్యుత్తును పారించినంతసేపు ఆ యినుము అయస్కాంతమగును. విద్యుత్తు ఆగినతోడనే మరల మామూలు ఇనుము. ఏడౌన్సుల ఆ యినుము తొమ్మిది పౌనుల బరువును పట్టెను. హెన్రీ దీనిని చూచి, పూత పూయవలసినది ఇనుమునకు కాదు, తీగెకని గ్రహించెను. తీగెకు పట్టు చుట్టినయెడల ఒక చుట్టు మరియొక చుట్టును ఒరసికొన్నను విద్యుత్తు త్రోవ తప్పదు. వందల చుట్లను పొరలు పొరలుగా చుట్టవచ్చును. ఈ విధముగ చేసిన 21 పౌనుల అయస్కాంతము 750 పౌనులను ఎత్తెను. 1831లో యేల్ కళాశాలకు చేసియిచ్చినది రెండువేల పౌనులకు మించిన బరువును పట్టెను. భార్య పట్టుపావడాలను చింపి తీగెకు చుట్టెనని యొక కథ ప్రచారములో నున్నది. హెన్రీ వివాహము 1830లో జరిగినది; పట్టు చుట్టిన తీగెల పని అంతకు మునుపే సాగుచుండెను. కావున ఈ కథను నమ్మనక్కరలేదు.

బరువులెత్తుట చూచువారికి వింత. అసలు విషయము మరియొకటి కలదు. తీగె పొడవగుకొలది విద్యుత్తు క్షీణించును. దూరమునకు వార్త పంపుట కానిపనియని ఇంగ్లండులో బార్లో యను విద్వాంసుడు ప్రయోగము చేసి తీర్మానించియుండెను. హెన్రీ రెండు రకముల అయస్కాంతములను వేరుపరచెను. పొట్టితీగెలు అనేకము విడివిడిగా చుట్టినది ఒకటి. దానిని పెద్దపలకలు గల యొక్క ఘటముతో నడపవలెను. అది దగ్గర నున్నప్పుడు మహాబలము చూపును, దూరమునకు పనికిరాదు. ఒకే పొడవుతీగెను వందల చుట్లు చుట్టినది రెండవది. దానిని వరుసగా కలిపిన అనేక ఘటములతో నడపవలెను. దాని బలము కొంచెమే, కాని మైలు దూరమునుండియు అది పలుకును. 1831లో ఈ సంగతిని ప్రకటించుచు, తంతివార్తలకు ఇది ఉపయోగింపగలదని సూచించెను. అకాడమీలోని గదిగోడల చుట్టును మైలుకు మించిన తీగెను త్రిప్పి, ఈ కొసను మీట నొక్కగా ఆ కొసను గంట మ్రోగునట్లు చేసి చూపెను.

ఒక అయస్కాంతమువలన వేరొక తీగెలో విద్యుత్తు పుట్టుటను గూడ ఆయన ఆ కాలముననే కనిపెట్టెను. ఆగస్టు ముగియుటచే పని నిలిచెను. అంతలో ఇంగ్లండున ఫారడే దానిని ప్రకటించెను. హెన్రీ ఆ కీర్తిని ఫారడేకు విడిచిపెట్టెను. తీగె తనలో తానే విద్యుత్తును ప్రేరేపించుకొను స్వయంప్రేరణము మాత్రము 1832లో హెన్రీ మొదట ప్రకటించినదే.

ఆ సంవత్సరముననే ఆయనకు ప్రిన్స్‌టన్‌లోని న్యూజెర్సీ కళాశాలలో ఆచార్యపదవి లభించెను. అచ్చట 1835 ప్రాంతమున విద్యార్థులకు చూపిన ప్రయోగమే తంతి అంచెకు మూలము. దూరమునుండి వచ్చు పొడవుతీగె కొసను తేలికబలముగల చిన్న అయస్కాంతము నుంచెను. దానికి బరువునెత్తు శక్తి లేదు. పాదరసపు గిన్నెలలో మునిగియున్న చిన్న తీగెముక్కను పైకి లాగు శక్తి మాత్రము కలదు. ఆ తీగెముక్క వేరొక వలయములోనిది. ఆ వలయమునకు సొంత బ్యాటరీయు, వందల పౌనుల బరువును పట్టియున్న పెద్ద అయస్కాంతమును కలవు. దూరమునుండి మీట నొక్కగానే చిన్నది తీగెను లాగును, రెండవ వలయము తెగును, పెద్ద అయస్కాంతము పట్టు విడుచును, బరువు ఢామ్మని నేలగూలును. విద్యార్థులు అదిరిపడెడివారు. ఇట్లే దూరపు ఊరిలోని పెద్దగంటలనుగూడ మ్రోగింపవచ్చునని ఆయన బోధించెను.

పూర్వము టపా మోయు బంట్లు అంచె అంచెకు మారుచుండుట మనవారెరిగినదే. ఇందులోని విశేషమేమనగా, అలసివచ్చినవాడు మూటను అందింపనైన నక్కరలేదు. నిదురించుచున్న రెండవవానిని తట్టి లేపిన చాలును. కిష్కింధాకాండమున ముదిమిచే బలముడిగిన జాంబవంతుడు తాను సముద్రమును దాటలేదు; మాటతో హనుమంతుని లేపెను. లంఘించిన బలము హనుమంతునిదే. ఈ విధముగ ఒక వలయము మరొకదానిని, అది వేరొకదానిని లేపుచు పోయినయెడల దూరమునకు హద్దు లేదు. పల్లెలలో తంతి వచ్చినదనగానే ఏ కీడు మూడినదోయని గుండెలు గుబగుబలాడెడివి. మన దేశమున తంతివార్తల సేవ 2013 జూలైలో ముగిసినది. ఆ గుబులు పుట్టించిన టకటక ధ్వనికి వెనుక ఈ అంచె యున్నదని ఎరిగినవారు అరుదు.

1837లో హెన్రీ ఐరోపాకు పోయి లండనులో వీట్‌స్టన్‌ను కలిసికొని ఈ యుక్తిని దాచక తెలిపెను. ఇంగ్లండులోనే ఎడ్వర్డు డేవీ యనునాతడును ఆ దినములలో తనంతట తాను ఇట్టి అంచెను రూపొందించి 1838లో పేటెంటు పొందెను. హెన్రీ మాత్రము దేనికిని పేటెంటు పుచ్చుకొనలేదు. సత్యమును కనిపెట్టి లోకమునకిచ్చుట విద్వాంసుని పనియనియు, దానిని తన యొకనికే దఖలు పరచుకొనుట తగదనియు ఆయన నమ్మకము. వ్యవహారదక్షులకు రుచించు మాట కాదిది. పట్టా లేని పొలమునకు తగవు తప్పదు; హెన్రీకిని తప్పలేదు.

శామ్యూల్ మోర్స్ చిత్రకారుడు, న్యూయార్కు విశ్వవిద్యాలయమున ఆచార్యుడు. 1832లో ఓడప్రయాణమున తంతి ఊహ కలిగి దానిపై పనిచేయుచుండెను గాని, ఆతని యంత్రము నలుబది అడుగుల తీగెకు మించి పలుకకుండెను. అచ్చటనే రసాయనాచార్యుడగు లెనార్డు గేల్ హెన్రీ 1831లో ప్రకటించిన వ్యాసమును చదివినవాడు. ఒక్క ఘటమునకు మారు పెక్కు ఘటములను, కొలది చుట్లకు మారు వందల చుట్లను పెట్టించెను. యంత్రము పదిమైళ్లవరకు పలికెను. 1839లో మోర్స్ ప్రిన్స్‌టన్‌కు వచ్చి అడిగిన సందేహములన్నిటిని హెన్రీ తీర్చెను. 1842లో మోర్స్ పద్ధతిని బలపరచుచు జాబు వ్రాసి యిచ్చెను. 1843లో కాంగ్రెసు సభ 30,000 డాలర్లు మంజూరు చేయగా, 1844 మే 24వ తేదీన వాషింగ్టనునుండి బాల్టిమోరునకు వార్త నడచెను. సంకేతలిపిని, వ్రాతయంత్రమును సమకూర్చి, ఏండ్లతరబడి దారిద్ర్యమునకోర్చి పని సాధించిన ఘనత మోర్స్‌ది, దానిని కాదనరాదు. హెన్రీయు కాదనలేదు.

అయితే 1845లో మోర్స్ సహచరుడు ఆల్ఫ్రెడ్ వేల్ వ్రాసిన తంతి గ్రంథములో హెన్రీ పరిశోధనల ప్రసక్తియే లేదు. హెన్రీ నొచ్చుకొనెను, వీధికెక్కలేదు. 1849లో పేటెంటు వ్యాజ్యములలో సాక్ష్యము చెప్పుమని తాకీదు రాగా, ఎవరెప్పుడేమి చేసిరో ఉన్నదున్నట్లు చెప్పెను. 1854లో సర్వోన్నత న్యాయస్థానము మోర్స్ పేటెంటును చాలవరకు నిలిపి, విద్యుత్తుతో దూరమునకు వ్రాయు సమస్త విధములును తనవేయను హక్కును మాత్రము త్రోసివేసెను. 1855లో మోర్స్ పెద్ద వ్యాసమొకటి అచ్చువేయించి, తంతికి హెన్రీవలన కలిగిన లాభమేమియు లేదనియు, ఆతని సాక్ష్యము అసత్యమనియు నిందించెను. పేటెంటు పోయిన చింతలేనివానికి, అబద్ధికుడన్న మాట శూలమువలె గ్రుచ్చుకొనెను. అయినను పత్రికలలో కలహింపక, తాను కొలువున్న సంస్థ పాలకవర్గము ఎదుట కాగితములన్నియు నుంచి విచారింపుమని కోరెను. వారి సంఘము సాక్ష్యములను పరిశీలించి, మోర్స్ ఆరోపణలు నిరాధారములని 1858లో నివేదించెను. ఆ జాబులు, ఆ తేదీలు భద్రముగ నుండుటయే ఆయనను కాపాడినది.

ఆ సంస్థ వాషింగ్టనులోని స్మిత్‌సోనియన్. అమెరికాను కన్నులజూడని జేమ్స్ స్మిత్‌సన్ అను ఆంగ్లేయుడు విజ్ఞానవ్యాప్తికై విడిచిన ధనముతో అది ఏర్పడినది. 1846లో హెన్రీ దానికి మొదటి కార్యదర్శియై జీవితాంతము ఆ పదవిలో నుండెను. తంతికచేరీలనుండి దేశపు నలుమూలల వాతావరణమును తెప్పించి, 1856 నుండి దినదినము పెద్దపటముపై గుర్తించి ప్రజలకు చూపెను. అచ్చట గాలివానలు పడమటినుండి తూర్పునకు వచ్చును. తంతి వానికంటె ముందు వచ్చును. ఇచ్చట నొక సంగతిని దాచరాదు. ఆ ధనముతో జాతీయ గ్రంథాలయమును పెంపవలెనని గ్రంథపాలకుడు చార్లెస్ జ్యూయెట్ పట్టుబట్టగా, క్రొత్త జ్ఞానమును పుట్టించుటకే ఆ సొమ్ము చెల్లవలెనని హెన్రీ వాదించి, 1854లో జ్యూయెట్‌ను పదవినుండి తొలగించెను. 1866లో అచ్చటి పుస్తకరాశి కాంగ్రెసు గ్రంథాలయమునకు తరలిపోయినది. కంతలో దూరి పుస్తకము పట్టిన బాలుడే ఇట్లు చేసెనా యని గ్రంథాలయప్రియులకు మనస్సు కలుక్కుమనును. పుస్తకములు నశింపలేదు, పెద్ద యింటికి చేరినవి. అయినను జ్యూయెట్ పక్షమునను న్యాయము కలదు.

1865 జనవరి 24న స్మిత్‌సోనియన్ భవనమున అగ్నిప్రమాదము సంభవించి హెన్రీ కాగితములలో పెక్కు బూడిదయ్యెను. 1875లో అలెగ్జాండరు గ్రాహం బెల్ అను యువకుడు వచ్చి, తంతిపై మనుష్యుని కంఠమును పంపు ఊహ తనకు కలదనియు, విద్యుచ్ఛాస్త్రము చాలినంత రాదనియు మొరపెట్టుకొనెను. డెబ్బదియేడేండ్ల హెన్రీ ఆ పనిని విడువవలదనియు, రానిదానిని నేర్చుకొమ్మనియు ఆజ్ఞాపించెను. మరుసటి యేటనే టెలిఫోను పలికినది. ఆ మాట లేకున్న తాను సాగియుండెడివాడను కానని బెల్ తుదివరకు చెప్పుకొనెను.

1878 మే 13వ తేదీన హెన్రీ వాషింగ్టనులో మరణించెను. అధ్యక్షుడు హేస్ అంత్యక్రియలకు వచ్చెను. 1893లో షికాగోలో కూడిన విద్యుద్విద్వాంసుల అంతర్జాతీయ మహాసభ, తీగెచుట్టలోని ప్రేరణమును కొలుచు ప్రమాణమునకు హెన్రీ అని పేరు పెట్టెను.