కాలాధుంగి చలికాలం

హిమాలయ పర్వతాలలోని కుమావూ ప్రాంతంలో నైనితాల్ అనే ఊరు ఉంది. ఇది నేటి ఉత్తరాఖండ్ రాష్ట్రంలోనిది. సముద్రమట్టానికి సుమారు 2,000 మీటర్ల ఎత్తున, ఒక సరస్సు చుట్టూ కొండవాలుల మీద ఈ ఊరు వెలసింది. ఆంగ్లేయుల కాలంలో వేసవి వస్తే ఊరంతా జనంతో కిటకిటలాడేది. కార్తీకమాసం వెళ్ళేసరికి సగం ఇళ్ళకు తాళాలు పడేవి. మంచు కురిసే రోజులు దగ్గర పడగానే అక్కడి కుటుంబాలు సామాను మూటలు కట్టుకొని కొండ దిగేవి. పై గ్రామాల రైతులు కూడా పశువులను తోలుకొని దిగువకు వచ్చేవారు.

కొండల పాదాల వద్ద ఉన్న ఆ నేలను భాబర్ అంటారు. వేల ఏళ్ళుగా కొండల మీదినుండి దొర్లివచ్చిన రాళ్ళతో ఏర్పడిన నేల అది. కొండవాగులు అక్కడికి రాగానే రాళ్ళ సందులలోకి ఇంకిపోతాయి. ఇంకా దిగువన తరాయి ప్రాంతంలో మళ్ళీ ఊటలై పైకి ఉబుకుతాయి. ఎండాకాలంలోనూ వానాకాలంలోనూ అక్కడ మలేరియా బాధ చెప్పనలవి కాకుండా ఉండేది. చలికాలం ఒక్కటే మనుషులు నిశ్చింతగా ఉండదగిన కాలం. గోధుమ పైరు పచ్చగా ఎదిగేదీ, తుపాకీ పట్టిన ప్రతివాడూ అడవిలోకి బయలుదేరేదీ ఆ నాలుగైదు నెలలలోనే.

జిమ్ కార్బెట్‌ను ప్రపంచం నరమాంసం మరిగిన పులులను చంపిన వేటగాడుగా ఎరుగును. కాని ఆయనను తీర్చిదిద్దినవి ఈ భాబర్‌లో గడిపిన చలికాలాలే.

ఎడ్వర్డ్ జేమ్స్ కార్బెట్ 1875 జులై 25న నైనితాల్‌లో జన్మించాడు. ఇంటివారూ ఇరుగుపొరుగువారూ జిమ్ అని పిలిచేవారు. తండ్రి క్రిస్టఫర్ విలియం ఐర్లండ్ మూలాలున్నవాడు, ఆ ఊరి పోస్టుమాస్టరు. జిమ్ చిన్నతనంలోనే ఆయన మరణించాడు. పెద్ద సంసారపు బరువు తల్లి మేరీ జేన్ మీద పడింది. నైనితాల్‌కు సుమారు 24 కిలోమీటర్ల దిగువన కాలాధుంగి అనే పల్లెలో వారికి ఒక ఇల్లు ఉండేది. కాలాధుంగి అంటే నల్లరాయి అని అర్థం. చలికాలం వస్తే కార్బెట్ కుటుంబమంతా అక్కడికి చేరేది.

ఆ ఊరి పక్కన బోర్ నది ప్రవహిస్తుంది. సాయంకాలం చలి ముదిరితే పిల్లలందరూ నది మీది కొయ్యవంతెన దగ్గర పుల్లలు ఏరి మంట వేసుకొనేవారు. దయ్యాల కథలు చెప్పుకొనేవారు. డాన్సే అనే ఐర్లండు దేశస్థుడు ఆ కథలు చెప్పడంలో దిట్ట. చావును ముందుగా తెలిపే బాన్షీ అనే ఆడదయ్యం అడవిలో ఏడుస్తూ తిరుగుతుందని ఆతడు చెప్పిన కథ జిమ్ మనసులో నాటుకొనిపోయింది. ఒకరోజు గాలి వీస్తుండగా నిజంగానే అడవిలో ఆ ఏడుపు వినిపించింది. బాలుడు కాళ్ళకు బుద్ధి చెప్పాడు. అయితే భయం ఆతనిని ఎంతగా తరిమిందో కుతూహలం అంతగానూ వెనక్కు లాగింది. కొన్నాళ్ళకు మళ్ళీ వెళ్ళి వెతికితే, గాలికి ఒరిగిన ఒక చెట్టు మరొక చెట్టును రాసుకొంటూ చేస్తున్న చప్పుడే ఆ ఏడుపు అని తేలింది. వినిపించిన ధ్వనికి కారణం కనుక్కొనేదాకా ఊరుకోకపోవడం అప్పటినుండి ఆతనికి అలవాటైంది. నరభక్షక మృగాల జాడ తీసిన రోజులలో ఆయన ప్రాణాన్ని కాపాడింది గురి కంటె ఈ అలవాటే అనవచ్చు.

జిమ్ చేతికి వచ్చిన మొదటి ఆయుధం ఉండేలు. జబ్బుపడి కోలుకొన్న తమ్మునికి పెద్దన్న టామ్ దానిని బహుమతిగా ఇచ్చాడు. తరువాత మట్టి ఉండలు విసిరే విల్లు వచ్చింది. స్టీఫెన్ డీజ్ అనే బంధువు కుమావూ పక్షులను గురించి పుస్తకం రాస్తూ ఉండేవాడు. ఆయన కోసం జిమ్ అడవిలో తిరిగి రకరకాల పిట్టలను సేకరించి తెచ్చాడు. అందుకు ప్రతిఫలంగా ఆయన బాలునికి ఒక పాత తుపాకీ ఇచ్చాడు.

తుపాకీ అన్నమాటే గాని దాని స్థితి చూస్తే జాలి వేస్తుంది. రెండు గొట్టాలలో కుడిదానికి పగులు. కొయ్య పిడి గొట్టాల నుండి ఊడిపోకుండా ఇత్తడి తీగతో కట్టివేశారు. అది మూతి నుండి మందు దట్టించే తుపాకీ. ముందుగా మందు పోయాలి, కాగితం కుక్కి కడ్డీతో దట్టించాలి, ఆపైన సీసపు గుళ్ళు వేయాలి, మళ్ళీ కాగితం కుక్కాలి. చివరకు వెనకవైపు చిన్న రాగి టోపీ తొడగాలి. ఇంత తతంగం జరిగితే పేలేది ఒక్కసారి. గురి తప్పితే రెండవ అవకాశం లేదు. మందూ గుళ్ళూ కొనడానికి ఆ ఇంట డబ్బు దండిగా లేదు.

జిమ్ అడవివిద్య అంతా ఈ లేమిలోనే పుట్టింది. తుపాకీ పేల్చడం కంటె పేల్చకుండా ఉండడం ముందు నేర్చుకోవలసి వచ్చింది. అడవికోడి దగ్గరకు పోవాలంటే ఎండుటాకు మీద అడుగు పడకూడదు. గాలి తనమీదినుండి మృగం వైపు వీయకూడదు. ఒకనాడు రేగుపొద కింద మేస్తున్న అడవికోళ్ళను సమీపించి తల ఎత్తి చూడబోయాడు. పొద కదిలింది. అవతలి వైపునుండి పెద్దపులి బయటికి వచ్చింది. వెనుదిరిగి బాలుని ఒకసారి చూసింది, తన దారిన తాను నడిచిపోయింది. తన జోలికి పోనివారి జోలికి పులి రాదు అన్న నమ్మకం ఆయనకు జీవితాంతం నిలిచింది. ఆ ధైర్యంతోనే చీకటి పడితే చిన్న మంట వేసుకొని ఎక్కడ ఉంటే అక్కడే నిద్రపోయేవాడు.

చదువు నేర్పినవారిలో కున్వర్ సింగ్ ముఖ్యుడు. ఆతడు చాందినీ చౌక్ అనే పల్లె పెద్ద, పైగా దొంగవేటలో ఆ చుట్టుపక్కల అతనిని మించినవాడు లేడు. అడవిలో దారి తప్పకుండా నడవడం, చెట్టెక్కడం, జాడలు పోల్చుకోవడం ఆతని వద్దనే జిమ్ నేర్చుకొన్నాడు. ఏళ్ళ తరువాత కున్వర్ సింగ్ నల్లమందుకు బానిసై మరణానికి చేరువైనప్పుడు కార్బెట్ పక్కనే ఉండి ఆతనిని బతికించుకొన్నాడు.

కాలాధుంగిలో చలికాలపు ఉదయం తెల్లవారకముందే మొదలయ్యేది. బండ్లూ పశువులూ నడవకముందు మట్టిబాట రాత్రి జరిగిన సంగతులన్నీ చెబుతుంది. కాలిగుర్తుల అంచులు పదునుగా ఉన్నాయా, వాటి మీద మంచు చుక్కలు రాలాయా, పురుగు పాకిన గీత గుర్తుకు కిందుగా ఉందా మీదుగా ఉందా అని చూస్తే మృగం ఎప్పుడు నడిచిందో తెలిసిపోతుంది. గడ్డి మీద మంచు చెదరి ఉంటే అది పోయి ఎంతోసేపు కాలేదన్నమాట. చెవులకూ పని ఉండేది. చిరుతపులిని చూసి కొండముచ్చు చెట్టుపైనుండి అరుస్తుంది. దుప్పి, నెమలి తమ తమ కూతలతో ఆ వార్తను అందుకొంటాయి. ఆ కూతలను అనుకరించి మృగాలకు బదులు పలకడం కూడా జిమ్‌కు పట్టుబడింది. బడిలో ఉండగానే ఆతని గురి చూసి ముచ్చటపడిన నైనితాల్ వాలంటీర్ల సార్జెంటు ఒక సైనిక రైఫిలును అరువిచ్చాడు. దానితో ఆతడు మొదటి చిరుతపులిని కొట్టాడు.

పద్దెనిమిదేళ్ళకు ఉద్యోగం చూసుకోక తప్పలేదు. రైల్వేలో వంటచెరకు లెక్కలు చూసే పనిలో చేరి, తరువాత గంగ ఒడ్డున మొకామా ఘాట్‌లో సరుకులు దించి ఎక్కించే కాంట్రాక్టు తీసుకొన్నాడు. ఇరవై ఏళ్ళకు పైగా అక్కడ కూలీలతో కలసి పనిచేశాడు. సెలవు దొరికితే కుమావూకు వచ్చేవాడు. 1907లో చంపావత్ ఆడపులిని చంపాడు. అది 436 మందిని చంపినట్లు లెక్క. 1926 మేలో రుద్రప్రయాగ చిరుతను చంపాడు. అది ఎనిమిదేళ్ళలో 125 మందిని బలిగొన్నది. ఈ కథలు అందరికీ తెలిసినవే.

1915లో ఆయన కాలాధుంగి దగ్గర పాడుపడిన ఒక పల్లెను కొన్నాడు. దాని పేరు ఛోటీ హల్ద్వానీ. అక్కడ రైతులను నిలిపి ఇళ్ళు కట్టించాడు. 1922లో తనకూ ఒక చిన్న ఇల్లు కట్టుకొన్నాడు. పెళ్ళి చేసుకోలేదు. అక్క మ్యాగీ ఆయనకు తోడు. ఇద్దరూ పాత ఆచారం తప్పకుండా చలికాలం అక్కడే గడిపేవారు. ఉదయం వరండాలో పుండ్లు పడినవారూ కళ్ళు వాచినవారూ మందు కోసం మ్యాగీ ముందు కూర్చొనేవారు. ఆ సమయానికి కార్బెట్ తన కుక్క రాబిన్‌తో అడవికోడినో నెమలినో వెతుకుతూ వెళ్ళి ఉండేవాడు. పదిహేను రూపాయలకు కొన్న ఆ బక్కచిక్కిన కుక్కపిల్ల పెరిగి, తుపాకీ పేలినా బెదరని గొప్ప తోడుగా తయారైంది. రాత్రిపూట అడవిపందులూ దుప్పులూ పైరు మీద పడకుండా ఊరి చుట్టూ రాతిగోడ కట్టించాడు. తుపాకీతో వాటిని తగ్గించడం కంటె గోడతో ఆపడమే మేలని ఆయన ఎంచుకొన్న తీరు గమనించదగినది.

ఎందుకంటే అప్పటికి భాబర్ మారిపోతున్నది. మోటారు బండ్లు వచ్చాయి. మూతిలో మందు దట్టించే తుపాకీ పోయి, వరసగా పేల్చగలిగే తుపాకులు వచ్చాయి. సెలవులలో అధికారులు గుంపులుగా వేటకు దిగేవారు. ఒకసారి ఆయన వెంట వచ్చిన సైనికాధికారులు ఒకే పూటలో 300 నీటిపక్షులను కూల్చారనీ, ఆ దృశ్యం ఆయన మనసును కలచివేసిందనీ ఆయన జీవితచరిత్ర రాసినవారు చెబుతారు. ఒక్క గుండుకు ఒక్క పిట్ట అని లెక్క చూసుకొని పెరిగిన మనిషికి ఆ గుట్ట ఎలా తోచిందో ఊహించవచ్చు.

అయినా కార్బెట్ ఒక్కరోజులో మారలేదు. పవల్‌గఢ్ బ్రహ్మచారి అని పేరుబడిన పెద్దపులి మనుషుల జోలికి వచ్చినది కాదు. పదేళ్ళపాటు ఎందరో వేటగాళ్ళు దానికోసం ఆశపడ్డారు. 1930 చలికాలంలో దానిని ఆయనే కాల్చి చంపాడు. దేహపు వంపుల వెంట కొలిస్తే పది అడుగుల ఏడు అంగుళాలు వచ్చింది. ఆ కాలపు వేటగాళ్ళకు అది గర్వకారణం. పులుల పక్షాన అంతగా మాట్లాడిన మనిషి చేతిలో ఆ పులి పడిపోవడం నేటి పాఠకునికి ముల్లులా గుచ్చుకొంటుంది.

కాని అప్పటికే మరొక సాధనం ఆయన చేతికి వచ్చింది. ఛాంపియన్ అనే అటవీ అధికారి రాత్రివేళ పులులకు తీసిన ఫోటోలు చూసి, కార్బెట్ కదిలే బొమ్మలు తీసే కెమెరా కొన్నాడు. పులిని కాల్చడం కంటె ఫోటో తీయడం ఎంతో కష్టమని త్వరలోనే తెలిసింది. కెమెరా తిరిగే చప్పుడు వినగానే పులి మాయమయ్యేది. ఏళ్ళ తరబడి చెడిపోయిన బొమ్మలే మిగిలాయి. 1938 చలికాలంలో ఆయన అడవిలో ఒక చిన్న వాగు వద్ద మాటు సిద్ధం చేసుకొన్నాడు. వాగుకు అడ్డుకట్టలు వేసి నీరు సన్నగా దూకేటట్లు చేశాడు. ఆ నీటి చప్పుడులో కెమెరా చప్పుడు కలసిపోయింది. నెలల తరబడి ఓపికతో అక్కడికి ఏడు పులులను రప్పించి, అతి సమీపంనుండి పట్టపగలు వాటి చిత్రం తీశాడు. రేగుపొద వద్ద చేతకాని తుపాకీతో నిలబడి నేర్చుకొన్న ఓపికే ఇక్కడ పనికివచ్చింది.

వన్యమృగాల రక్షణకు ప్రత్యేకమైన అడవి ఉండాలని కోరినవారిలో ఆయన ఒకడు. 1936లో హేలీ నేషనల్ పార్కు ఏర్పడింది. మన దేశంలో అది మొదటిది. 1957లో దానికి కార్బెట్ పేరు పెట్టారు. 1944లో వెలువడిన ఆయన పుస్తకం కుమావూ నరభక్షకుల కథలను దేశదేశాలకు చేర్చింది.

1947లో దేశం స్వతంత్రమైన తరువాత, ఆ సంవత్సరం చివరలో, కార్బెట్, మ్యాగీ కెన్యాకు వెళ్ళి న్యేరి అనే ఊళ్ళో స్థిరపడ్డారు. వెళ్ళేముందు ఛోటీ హల్ద్వానీ భూములు సాగు చేస్తున్న రైతులకే వదిలివేశారు. న్యేరి భూమధ్యరేఖకు ఆనుకొని ఉంది. అక్కడ మంచు కురిసే రోజులూ లేవు, కొండ దిగే రోజులూ లేవు. ఆ ఊళ్ళో కూర్చొనే ఆయన బోర్ నది వంతెనను, డాన్సే దయ్యాలను, ఇత్తడి తీగ చుట్టిన తుపాకీని గుర్తు చేసుకొంటూ జంగిల్ లోర్ అనే పుస్తకం రాశాడు. అది 1953లో అచ్చయింది. 1955 ఏప్రిల్ 19న ఆయన అక్కడే మరణించాడు.

కాలాధుంగిలోని ఆయన ఇల్లు నేడు ప్రదర్శనశాలగా ఉంది. ఛోటీ హల్ద్వానీ పొలాల అంచున ఆయన కట్టించిన రాతిగోడ కొంతమేర ఇప్పటికీ నిలిచి ఉంది.